ఐదుగురు ఛాంపియన్ల ఉంగరాలు

కొత్తపేట,
3-6-2004

ఉంగరాల కంపెనీ మేనేజరు గారికి, కొత్తపేట నుంచి సత్యదుర్గ నమస్కారాలు.

బాస్కెట్‌బాల్ అభిమానులకి అమెరికాలో కప్పు గెలిచిన జట్లకిచ్చే ఛాంపియన్ ఉంగరాల్లాంటివి, కోరిన పేరు చెక్కి పంపుతామని మీ ప్రకటన చూసేను. మాకు అమెరికా జట్లు వద్దండి. 1984లో రాష్ట్రం కప్పు గెలిచిన మా కాలేజీ ఆడపిల్లల జట్టు పేరున ఐదు ఉంగరాలు కావాలి. అప్పుడు మాకు తలో స్టీలు గ్లాసూ ఇచ్చి పంపించేరు. నేను కెప్టెన్ని.

పేర్లు మాత్రం అప్పటివే, పుట్టింటి ఇంటిపేర్లతో చెక్కాలి. నాది అడబాల సత్యదుర్గ. మిగతా నలుగురివీ వెనక రాసేను. పెళ్ళయ్యాక రేషన్ కార్డులో ఫలానావారి భార్యనే, గ్యాసు పుస్తకంలో అదీ లేదు. ఒక్కచోటైనా నా పేరు నాకు కనపడాలండీ. ఆగస్టు పదిహేనుకి కాలేజీలో సభ ఉంది, ఈలోపు అందాలి.

ఇట్లు,
సలాది సత్యదుర్గ

తా.క.: వేళ్ళ కొలతకి దారాలు పెట్టేను. మావారు దొరబాబు గారు బజారుకెళ్తూ పోస్టు చేస్తారు.

సికింద్రాబాద్,
18-6-2004

గౌరవనీయులైన సత్యదుర్గ గారికి,

మీ ఆర్డరు అందింది. మీరు సూచించినట్టే చెక్కిస్తున్నాం. ఉంగరం మీద బంతి బొమ్మ, చుట్టూ ఎర్రరాళ్ళు.

భవదీయుడు,
జగ్గారావు, మేనేజరు

తా.క.: మీ దారాల కొలతకి మా ఆఫీసులో ఆడవాళ్ళ బొటనవేళ్ళు కూడా సరిపోలేదు. ఆటల వల్ల అలా అవుతాయేమో అనుకున్నాం.

కొత్తపేట,
25-6-2004

జగ్గారావు గారికి నమస్కారాలు.

మా వేళ్ళకేమొచ్చిందండీ? బంతి ఆడితే వేళ్ళు అరటికాయలవుతాయా? దారాలు మళ్ళీ పంపుతున్నాను. పేర్లు కూడా మళ్ళీ రాసేను, ఒక్క అక్షరం మారినా ఊరుకోను.

ఇట్లు,
సత్యదుర్గ

తా.క.: మావారు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఎన్నడూ లేంది నా ఉత్తరాలకి ఇంత తొందరపడుతున్నారు పాపం.

కొత్తపేట,
20-7-2004

ఏమయ్యా జగ్గారావు గారూ,

పార్శిల్ వచ్చింది. 'సలాది దొరబాబు, కెప్టెన్, 1984' ఏంటండీ ఇది? మిగతా నాలుగింటి మీదా నా స్నేహితురాళ్ళ మొగుళ్ళ పేర్లే! వాళ్ళలో ఒక్కరైనా బంతి పట్టుకున్న మొహాలేనా? మా జట్టులో ఆడిన నాగమణి తన ఉంగరం చూసి డబ్బాలో పడేసి వెళ్ళిపోయింది. మీ మీద కేసు వేస్తాను.

సత్యదుర్గ

తా.క.: మావారు ఉంగరం పెట్టుకుని వీధంతా తిరుగుతున్నారు.

సికింద్రాబాద్,
2-8-2004

అమ్మా,

కోప్పడకండి. మీ మూడు ఉత్తరాల అడుగునా వేరే చేతిరాత ఉంది. మీరు చెప్పి రాయించినదే అనుకున్నాం. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొదటిదాంట్లో: 'ఆడవాళ్ళ పేర్లు, అందులోనూ పుట్టింటివి, ఉంగరం మీద బాగోవు. మా మగవాళ్ళ పేర్లు కింద రాసేను, అవి వెయ్యండి. దొరబాబు.'

రెండోదాంట్లో: 'పైన రాసింది వదిలెయ్యండి. ఈ దారాలు కూడా. ముందు నేను మార్చి పెట్టినవే మా మగవాళ్ళ వేళ్ళ కొలతలు. ఆవిడకి మతిమరుపు.'

మూడోదాంట్లో: 'ఆయ్, ఉంగరాలు భేషుగ్గా ఉన్నాయండి. కేసూ గీసూ ఏం లేదు.'

భవదీయుడు,
జగ్గారావు

తా.క.: కుడిచేతికి కూడా ఇంకోటి కావాలని రాసేరు. పంపమంటారా?

కొత్తపేట,
16-8-2004

జగ్గారావు గారికి,

పంపకండి. మిమ్మల్ని తిట్టినందుకు క్షమించండి. పరాయివాళ్ళని తిట్టుకుంటూ కూర్చున్నాను, దొంగ నా ఇంట్లోనే అన్నం తింటున్నాడు. ఈ ఉత్తరం నేనే వెళ్ళి పోస్టు డబ్బాలో వేస్తున్నాను.

నిన్న సభలో ఉంగరాల మీద పేర్లు చూసి, ఛాంపియన్లంటూ ఐదుగురు మొగుళ్ళనీ వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పేరు. నేను తిన్నగా వెళ్ళి బంతి తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "కెప్టెన్ గారూ, ఒక్కటి వెయ్యండి" అన్నాను. జనం ఈలలు. మొదటిది టీ డ్రమ్ములో పడింది. రెండోది షామియానా మీద కూర్చుంది, దాన్ని కర్రతో దింపేరు.

అప్పుడు నేను పట్టుచీర కొంగు దోపుకుని నిలబడ్డాను. ఇరవయ్యేళ్ళయింది బంతి ముట్టుకుని. ఒకటి పోయింది. రెండోది చువ్వకి తగలకుండా బుట్టలో పడింది. నాగమణి "అడబాలా!" అని గట్టిగా అరిచింది. ఆ పేరుతో నన్నొకరు పిలిచి ఎన్నేళ్ళయిందో. అక్కడే ఏడ్చేసేను.

ఇట్లు,
అడబాల సత్యదుర్గ

తా.క.: వెంటనే మైకులో చెప్పేరండీ: "దొరబాబు గారి శ్రీమతి కూడా బాగానే వేసేరు. అంతా కెప్టెన్ గారి శిక్షణ! గట్టిగా చప్పట్లు!" మావారు లేచి దణ్ణం పెట్టేరు.