బెల్టు వదులుగానే ఉంది

ఒరే తమ్ముడూ,

అక్క దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. నువ్వూ క్షేమమేనని రాశావు గానీ, సరిగ్గా ఆ మాట రాసిన చోటే కాగితం చిరిగి ఉంది కాబట్టి నేను నమ్మలేదు. ఎడమ చేత్తో రాయడం కొత్త కదా, కలాన్ని మరీ అంత గట్టిగా నొక్కకు. పై వరుసల్లో అక్షరాలు బారు తప్పిన చీమల్లా ఉన్నాయి. కిందికి వచ్చేసరికి మాత్రం నిటారుగా నిలబడ్డాయి. నువ్వు చూసుకున్నావో లేదో, నేను చూశాను.

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గింది. మెట్లెక్కేటప్పుడు మాత్రం నాకు వినబడేలా మూలుగుతుంది, అంటే నొప్పి కన్నా నా మీద కోపమే ఎక్కువన్నమాట. మా ఫ్యాక్టరీలో కొత్త కుట్టు మిషన్లు దిగాయి. వాటిని బాగుచేసే మనిషిని మాత్రం పెంచలేదు, పాతదాన్ని నేనే ఉన్నాను. మీ ప్రెస్సులో నీ చేతిని పట్టుకున్న ఆ కాగితాలు కోసే మిషనుకి ఇప్పుడు ఇనుప జాలీ బిగించారట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ మాట మీ ఫోర్‌మన్ మొహం మీదే అని వచ్చాను, తిట్టకు.

ఇక అసలు సంగతి. వచ్చే శుక్రవారం నిన్ను ఆస్పత్రి నుంచి పంపించేస్తున్నారని రాశావు. కానీ ఇంటికి రానన్నావు, అక్కడే ఏదో వాచ్‌మన్ పని చూసుకుంటానన్నావు. ఇంకా వైద్యం ఉందని అమ్మతో నన్ను అబద్ధం చెప్పమన్నావు. నీ రిమోట్ రేసు కారు అమ్మేసి, దాని ఊసు మళ్ళీ ఎత్తొద్దన్నావు. ఆ అబద్ధం సంగతి చివర్లో రాస్తాను. ముందు బండి గురించి చెప్పనీ.

బండి అమ్మలేదు. అమ్మాలనే అటక మీంచి కిందికి దించాను. క్లబ్బులో నీతో పోటీపడే ఎర్రటోపీ వచ్చి చూసి వెళ్ళాడు కూడా. నువ్వు గెలిచిన ప్రతిసారీ బ్యాటరీని తిట్టుకునేవాడికి నీ బండి మీద ఎంత మోజో నీకు తెలుసు. గురువారం వచ్చి పట్టుకెళ్తానన్నాడు. ఆ మధ్యలో నీ ఉత్తరం మళ్ళీ చదివాను. అందులో ఒకచోట, "మూడు వేళ్ళు పోయాయి, మణికట్టు తిరగదు, చూపుడు వేలు ఒక్కటే వంగుతోంది, ఏం లాభం" అని రాశావు. నేనక్కడే ఆగిపోయాను. ఏం లాభమా? ట్రిగ్గరు లాగడానికి కావలసింది ఆ వేలేరా, వెర్రినాగన్నా.

బండిని నడిపే నీ రేడియో రిమోటు తీసి బల్ల మీద పెట్టుకున్నాను. తుపాకీలాంటి పిడిని ఎడమ చేత్తో పట్టుకుని, ఆ చేతి చూపుడు వేలితోనే ట్రిగ్గరు లాగి, కుడి చేత్తో చక్రం తిప్పేవాడివి కదా. ఆ చక్రం స్క్రూలు విప్పి అవతలి పక్కకి మార్చాను. దానికి అక్కడ చోటు ముందే ఉంది, పుర్రచేతి వాటం వాళ్ళ కోసమట. ఇప్పుడు తిప్పేది ఎడమ చెయ్యి, పట్టుకునేది కుడి చెయ్యి. తర్వాత నా కుడి చేతి మూడు వేళ్ళూ మడిచి గుడ్డతో కట్టేసుకున్నాను. మణికట్టు తిరగకుండా స్కేలు పెట్టి దాని మీద ఇంకో గుడ్డ చుట్టాను. అమ్మ చూసి, "నీకేమైందే?" అంది. ఏం లేదమ్మా, పని ఉంది అని బండి చంకలో పెట్టుకుని ట్రాక్ దగ్గరికి వెళ్ళిపోయాను.

నీది షాఫ్టు బండి. మోటారు బలం నడుమనున్న ఇనుప కడ్డీ మీదుగా నాలుగు చక్రాలకీ ఒక్క దెబ్బలో పోతుంది. దెబ్బ అంటే దెబ్బే. కట్లు కట్టిన చేతితో ట్రిగ్గరు మెల్లగా లాగడం రాదురా. వేలు వంగితే పూర్తిగా వంగుతుంది, లేకపోతే అసలు వంగదు. అది లాగిన ప్రతిసారీ బండి ఒళ్ళు విరుచుకుని ఒక పక్కకి గుంజింది. రెండో మలుపులో గట్టుకి గుద్దుకుంది. ముందు చక్రాన్ని పట్టుకునే చెయ్యి పుటుక్కున విరిగింది. అవును, నీ బండే, నేనే విరిచాను. తిట్లు ఇంటికొచ్చి తిట్టు.

మొన్న గురువారం ఎర్రటోపీ వచ్చి విరిగిన బండినీ, బల్ల మీదున్న కట్టుగుడ్డల్నీ చూశాడు.

"వాడు ఇంక పట్టుకోలేడక్కా. నువ్వెందుకిలా ఆశ పెట్టుకుంటావు?" అన్నాడు.

వెటకారంగా అని ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. జాలిగా అన్నాడు, అందుకే బండి అమ్మడం లేదని మాత్రం చెప్పి పంపించాను. వాడు వెళ్ళాక తలుపు వేసుకుని ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, మన క్లబ్బు రేసులు నడిపే బేరింగు తాత విడిభాగాల దుకాణానికి వెళ్ళాను.

తాతకి కట్టుగుడ్డల కథంతా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఇప్పుడు క్లబ్బంతా తెలిసిపోయింది. కానీ మనిషి మాత్రం లోపలికి వెళ్ళి ఒక బెల్టు ఛాసిస్, అదే బండి అస్థిపంజరం, తెచ్చి నా ముందు పెట్టాడు. కడ్డీ బదులు పళ్ళున్న రబ్బరు బెల్టులు, ఒకటి ముందు చక్రాలకి, ఒకటి వెనక్కి. "బెల్టు దెబ్బని కొంచెం మింగుతుంది తల్లీ. వేలు తొందరపడినా బండి తొందరపడదు," అన్నాడు. నువ్వు బెల్టు బండ్లని ముసలాళ్ళ బండ్లని ఎగతాళి చేసేవాడివని కూడా గుర్తు చేశాడు.

నీ బండి మోటారూ చక్రాలూ దానికి బిగించి, అదే కట్లతో తిప్పాను. గుంజలేదు. నేను ఒక్కసారిగా లాగినా అది తమాయించుకుని బయల్దేరింది. నా ప్రాణం లేచొచ్చింది, ఆ సంబరం ఒక్క చుట్టుకే. మన ట్రాక్ ఒకప్పటి పార్కింగ్ స్థలం, ఎంత ఊడ్చినా సన్న రాళ్ళు పోవు. ఒక రాయి ఎగిరి బెల్టు పళ్ళలో ఇరుక్కుంది, బండి ఉన్నచోట నిలబడిపోయింది. షాఫ్టయితే నీ వేలు ఒప్పుకోదు, బెల్టయితే నేల ఒప్పుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ బండి పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. చుట్టూ అందరూ చూస్తున్నారు, ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండేది.

నేలని మార్చలేను, నీ వేలిని మార్చలేను. మార్చగలిగింది బండి ఒక్కటే. ఇంటికొచ్చి నీ పాత రెయిన్‌కోటు చింపాను. బండి కడుపుకి సరిపడా తొడుగు కుట్టాను, మోటారుకి గాలి తగిలేందుకు పైన కొంచెం వదిలి. మర్నాడు మళ్ళీ తిప్పితే రాయి లోపలికి పోలేదు. కానీ బండి ఈడ్చుకుంటూ నడిచింది, కూత పెట్టింది, మోటారు వేలు పెట్టనివ్వనంత కాలింది. తాత తొడుగు విప్పి బెల్టు మీద వేలు పెట్టి నావైపు చూశాడు.

"ఇది ఎవరు బిగించారు?"

"నేనే. వదులుగా అనిపిస్తేనూ."

"ఇది మీ ఫ్యాక్టరీ మిషను కాదమ్మా, జీన్సు ప్యాంట్లు కుట్టడానికి. బెల్టు ఊపిరి తీసుకోవాలి."

అందరూ అప్పుడు నవ్వారు. రోజంతా ఫ్యాక్టరీలో బెల్టులు బిగించే చెయ్యి కదా, దానికి ఇంకో కొలత తెలియదు. వదులు చేస్తే పళ్ళు జారుతున్నాయి, బిగిస్తే కూస్తోంది. ఆ మధ్యలో ఎక్కడో ఉందట సరైన చోటు. నొక్కి చూసి చెప్పే వేలు నీకుంది, నాకు లేదు. అలా నొక్కి చూడటానికి నువ్వు వాడేది ఎప్పుడూ ఎడమ చేతి వేలే, నాకు గుర్తుంది.

ఇప్పుడు దాచిపెట్టిన మాట చెప్తాను. ఆదివారం రేసుకి నీ పేరు ఇచ్చేశాను. తాత బోర్డు మీద నీ పేరు రాసి, పక్కన బెల్టు అని కూడా రాశాడు. అది రాశాక ఈ సీజనంతా ఛాసిస్ మార్చకూడదు. పొద్దున తనిఖీ దగ్గర నడిపే మనిషే రేడియో పట్టుకుని నిలబడాలి, అక్కని పంపితే ఒప్పుకోరు. నువ్వు రాకపోతే తాత నీ పేరు తుడిచేస్తాడు, ఛాసిస్ వెనక్కి తీసుకుంటాడు. అందరిముందూ తుడుస్తాడు. నిన్నడగకుండా చేశాను. తప్పే. అడిగితే వద్దంటావని తెలిసే చేశాను. నువ్వు గెలవాలని కాదురా, ఆఖరున వచ్చినా నాకు చాలు. ఆ చేతిని దాచుకుని ఎక్కడో గేటు దగ్గర కూర్చుంటావన్న మాట తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు. భయంగా ఉంది. నువ్వు ఒకసారి రాకపోతే ఇంక రావని భయం.

ఇంకొకటి. అమ్మకి అబద్ధం చెప్పలేదు. చెప్పబోయాను. నీ ఉత్తరం చదివి వినిపించమంది, మొదటి పక్క చదివి మడిచేశాను. "వెనకాల కూడా రాత కనబడుతోందే, చదువు," అంది. చదివాను. ఇంటికి రానన్న మాట కూడా చదివాను. అమ్మ లేచి బల్ల దగ్గరికి వెళ్ళి, ఆ బండిని అటూ ఇటూ తిప్పి చూసి, తొడుగు పక్కకి లాగి బెల్టుని గోటితో మీటింది.

"రానంటే రానీకు. మరి ఇది ఎవడు బిగిస్తాడంట?" అంది.

అంతే, వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నీ మంచం దుప్పటి రెండుసార్లు మార్చింది.

బండి బల్ల మీద ఉంది. బెల్టు వదులుగానే ఉంది, ఇంక నేను ముట్టుకోను. ఈ ఉత్తరం బుధవారానికల్లా నీకు అందాలి. శుక్రవారం సాయంత్రం బస్సుకి నేను స్టాండులో ఉంటాను. ఆ బస్సులో రాకపోతే తర్వాతి బస్సు దాకా ఉంటాను. రేడియో పిడిని నీ అరచేతికి కట్టే పట్టీ ఒకటి కత్తిరించి పెట్టాను, కుట్టడం మాత్రం మిగిలింది. నా చేతి కొలత నీకు సరిపోదు. అందుకని బస్సు దిగేటప్పుడు ఆ చెయ్యి జేబులో పెట్టుకుని దిగకు. కొలత తీసుకోవాలి.

ఇట్లు,
చేతిలో టేపు పట్టుకుని స్టాండులో నిలబడబోయే
నీ అక్క