జీపుకి లిఫ్ట్

నోయల్,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. పదకొండింటికి అమ్మ మోకాలికి ఎక్స్‌రే ఉంది. నీ జీపులో వద్దు, ఆటోలో తీసుకెళ్ళు. ఫైలు ఫ్రిజ్ మీద పెట్టాను.

"జీపుకి లిఫ్ట్ పెట్టిస్తున్నా" అని నువ్వంటే, తనని పైకెక్కించడానికేనని అమ్మ చర్చిలో అందరికీ చెప్పుకుంది. నిన్న చూస్తే కొత్త స్ప్రింగులతో జీపే జానెడు పైకి లేచింది. కింద ట్రాక్టరు టైర్లలాంటివి. అమ్మ రెండుసార్లు కాలెత్తి, అందక, "అచ్ఛా, లిఫ్ట్ ఇంకా బిగించలేదా నాయనా?" అంది. నువ్వు నవ్వావు. నాకు అసహ్యం వేసింది. జనక్‌పురి నుంచి ఆఫీసుకి ఏ కొండలెక్కి వెళ్తావురా?

ఆదివారంలోపు పాత స్ప్రింగులు, పాత టైర్లు మళ్ళీ వేయించు.

అక్క

మరిచాను. రేపు లిఫ్ట్ బిగిస్తారనే అమ్మ ఇంకా అనుకుంటోంది. చెప్పడానికి నాకు నోరు రాలేదు. నువ్వే చెప్పు, నవ్వకుండా.