శాల్మలి రెండో రొట్టె

కొల్హాపూర్, ఆదివారం.

అమ్మా,

అందరం క్షేమమని రాసే ఓపిక నాకివాళ లేదు. నిన్న నీ మనవరాలు శాల్మలి కబడ్డీ ఆడుతూ మైదానంలోనే కళ్ళు తిరిగి పడిపోయింది. ఇప్పుడు లేచి తిరుగుతోంది, కంగారుపడకు. సెలవులకి సాతారాలో నీ దగ్గరుండి వచ్చినప్పటినుంచీ ఒక్క జొన్నరొట్టెతో కంచం ముందునుంచి లేస్తోంది. ఎందుకే అంటే, "అమ్మమ్మ రెండోది వద్దంది. తొడలు రోకళ్ళలా ఉంటే ఎవడు చేసుకుంటాడంది" అంది. పదమూడేళ్ళ పిల్లతో అనే మాటేనా అది? ఆ తొడల బలంతోనే అది జట్టుని గెలిపిస్తోంది.

"నాతో చెప్పొచ్చుగా" అని కేకలేశాను. "నువ్వూ అందరూ తిన్నాక మిగిలిందేగా తింటావు. ఆడవాళ్ళు అలాగే తినాలేమో అనుకున్నా" అంది. ఆ అలవాటు నాకు నీ దగ్గర్నుంచే వచ్చింది. సాయంత్రం దాని పక్కనే కూర్చుని, వేడివేడిగా ముందు మేమిద్దరం తిన్నాం. రొట్టెలు ఆయన కాల్చారు, సగం మాడ్చారు.

నువ్విచ్చి పంపిన సన్నబడే పొడి పారబోశాను. వేరుశనగ కారం ఉంటే పంపు. మోకాలి నొప్పి తగ్గిందా? దసరాకి వచ్చినప్పుడు దాని కంచంలో రెండో రొట్టె నీ చేత్తోనే వెయ్యి. వెయ్యలేనంటే నాన్నని ఒక్కరినే పంపు. ఆయనకి నా నమస్కారాలు.

సులభ