బాపు నేర్పిన నవ్వు

గురువారం రాత్రి, జనగామ

పొద్దున బంద్‌లో, చౌరస్తా దగ్గర ధర్నాకు కూర్చున్న మా ఆయనను పోలీసులు కొడుతూ జీపెక్కించారు. పక్కనే నిలబడి నేను నవ్వాను.

ఇంటికొచ్చాక నా బిడ్డ స్వప్న అడిగింది: "అమ్మా, నాయినను కొడ్తుంటే ఎందుకు నవ్వినవే?"

అన్నం తినమని మాట మార్చాను. చిన్నప్పుడు భూపాలపల్లి బొగ్గుగని క్వార్టర్‌లో నన్ను కన్న బాపు కొట్టేటప్పుడు ఏడిస్తే ఇంకో రెండు పడేవి, నవ్వుముఖం పెడితే ఆపేవాడు. ఇన్నేళ్లయినా భయమేస్తే నా ముఖం అదే పని చేస్తోంది.

మా ఆయన ఇంకా రాలేదు. స్టేషన్‌లో అడిగితే ఇక్కడ లేడన్నారు. స్వప్న వెక్కివెక్కి ఏడుస్తుంటే, "నోర్మూయ్! సప్పుడు రావద్దు" అని అరిచాను. అచ్చం బాపు గొంతే.

పిల్ల టక్కున ఆపేసింది. ఇప్పుడు అది పడుకున్న గదిలోంచి ఊపిరి చప్పుడు కూడా వినిపించడం లేదు. వెళ్లి దగ్గరికి తీసుకోవాలనే ఉంది. నన్ను చూసి అదీ నవ్వుముఖం పెడితే...