మంజూరైన వెలుగు ఎక్కువైనది

లైన్ల పర్యవేక్షణాధికారి గారికి, కింది అంతస్తులోని అందుకునే గది ఆపరేటరు విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: తమరు దయతో మంజూరు చేసిన వెలుగులో కొంత వెనక్కు తీసుకొనుట గురించి.

1. రెండు వీధుల అవతల పంపే గదిలో నా భార్య పనిచేయుచున్నది. ఆమె పంపే కబురు గాజు తీగలో వెలుగు మిణుకులుగా వచ్చును. మిణుకు ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. వాటిని తిరిగి అక్షరాలుగా మార్చి తమ బల్లకు చేర్చుట నా యంత్రం విధి. ఇంట్లో ఆమె చెప్పేది నా బుర్రకెక్కదన్న ఆరోపణ ఉన్నది గాని, అది ఈ శాఖ పరిధిలోకి రాదు.

2. వెలుగు చాలక అక్షరాలు ఎగిరిపోవుచున్నవని పోయిన నెల నేనే అర్జీ పెట్టుకొంటిని. తమరు వెంటనే దూరపు ఊళ్లకు సైతం వెలుగు పంపగల యంత్రాన్ని ఆమె గదికి ఇప్పించితిరి. పని ఇంత త్వరగా అవుతుందని తెలిస్తే అడిగేముందు ఆలోచించుకునేవాణ్ణి.

3. ప్రారంభోత్సవానికి తమరు వస్తున్నారని గదంతా దులుపుతూ, గాజు తీగ మొన కూడా తుడిచితిని. ఏనాటి దుమ్మో! తుడవగానే ఆమె గదిలోని పాత యంత్రపు వెలుగే చక్కగా సరిపోయినది. కాని అప్పటికే రిబ్బను కట్టి ఉన్నది. తమరు నా గదిలో మీట నొక్కి లైను తెరవగా కొత్త యంత్రపు వెలుగంతా ఒక్కసారి మీద పడి నా యంత్రానికి కళ్లు బైర్లు కమ్మినవి. సున్నాలను కూడా ఒకట్లుగా చదివినది. నా భార్య పంపిన తమ ప్రారంభ సందేశానికి బదులు తెర నిండా ఒకే అక్షరం వచ్చినది. అతిథులు అదే సందేశమనుకొని చప్పట్లు కొట్టినారు.

4. కొత్త యంత్రానిది తప్పు కాకూడదు కనుక పంపే మనిషిదేనని తేల్చి, నా భార్యకు సస్పెన్షన్ నోటీసు ఇచ్చినారు. అది అమలుకు రావాలంటే సాక్షి సంతకం కావాలని నన్ను పెట్టమన్నారు. అయ్యా, పెట్టలేను. ఆమె పంపినదాంట్లో ఒక్క వత్తు కూడా తప్పు లేదు. నోటీసు చూసి, "పంపినదాన్ని నేను, అందుకోలేనిది మీరు. మధ్యలో నా ఉద్యోగమేం చేసింది?" అన్నది. ఆపైన ఇంట్లో మాటల్లేవు. నాకు భయంగా ఉంది సార్.

5. వెలుగు తగ్గించే చిన్న బిరడా తీగకు తగిలిస్తే చాలును. స్టోరులో అడిగితే, "కావాలని అర్జీ పెట్టిందీ నువ్వే, వద్దనేదీ నువ్వేనా? పైనుంచి ఆర్డరు పట్రా పో" అన్నారు.

కావున బిరడా ఇప్పించి, నోటీసు రద్దు చేయించి, ఎవరో ఒకరి పేరు ఉండక తప్పదంటే అందులో నా పేరు వేయించవలెనని కోరుచున్నాను. చల్లని మనసుతో, తగుమాత్రపు వెలుగులో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అందుకునే గది ఆపరేటరు

తా.క.: బిరడా వచ్చేలోగా తీగ మొనకు నా బొటనవేలు రుద్దాను. ఆ జిడ్డుకు వెలుగు తగ్గి, లైను భేషుగ్గా నడుస్తోంది. ఈ అర్జీ నేను ఫోనులో చెబుతుంటే నా భార్య టైపు చేసి ఆ లైను మీదే పంపుతోంది. ఇంట్లో మాటలు ఆగిపోయాక మా మధ్య నడిచిన మొదటి మాటలు ఇవే. అక్షరం పోకుండా తమకు చేరితే ఆమె తప్పు లేదని రుజువైనట్టే. దయచేసి ఊడ్చేవాళ్లను మాత్రం నా గదికి పంపకండి.

టైపు చేసినావిడ సొంతంగా కలిపినది: సార్, పెళ్లయ్యాక ఈయన కళ్లజోడు కూడా తుడిచి ఎరగరు. ఒక్కసారి తుడిస్తే నా ఉద్యోగం మీదికొచ్చింది. ఆ నోటీసు మీరు వెనక్కి తీసుకోండి, ఈయన సంగతి నేను చూసుకుంటాను.