బుడగలు వచ్చిన చోటు

ఫలక్‌నుమా,
మార్చి 2006

బోటు క్లబ్బు మేనేజరు లక్ష్మీకాంత్ గారికి,

పడవ వెనక పలక మీద జారేవాళ్లకు అల పెద్దగా లేవాలని మీ పడవలో నీళ్లు నింపే రబ్బరు సంచి కారిందని, దాన్ని అతికిన మా బాపును అతిథుల ముందు "అతుకు కూడా చేతకాదు, నీకెందుకయ్యా ఈ పని?" అన్నారు.

మా పంక్చర్ షెడ్డుకు తిరిగొచ్చిన ఆ సంచిలో గాలి నింపి, సైకిల్ ట్యూబుకు పూసినట్టు సబ్బు నురగ పూశాను. అతుకు దగ్గర ఒక్క బుడగ రాలేదు. పైపు తగిలించే ప్లాస్టిక్ మూతి దగ్గరే వచ్చాయి. చేత్తో తిప్పాల్సినదాన్ని మీ మెకానిక్ పానాతో బిగించి పగలగొట్టాడు.

"పోనీ బిడ్డా, కొత్త మూతి పెడ్త" అన్నాడు బాపు. నేనే పెట్టనివ్వలేదు.

ఆదివారం మీ పోటీలు. ఆలోగా ఆ అతిథులనే వెంటబెట్టుకొచ్చి, మా షెడ్డులో బాపుకు క్షమాపణ చెప్పండి. కొత్త మూతి నా దగ్గరుంది. ఈ కాగితం ఎగరకుండా దాన్నే మీద పెట్టి రాస్తున్నాను.

భిక్షపతి కూతురు