ఓటములన్నీ నా పేరునే రాస్తున్నారు

హఫీజ్‌పేట,
బుధవారం.

అక్కయ్యకు,

నువ్వూ బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. చంటిదాని దగ్గు తగ్గిందా? నా ఒంటికేమీ లోటు లేదు. వేళకు తింటున్నాను, దిగులు పెట్టుకోకు. నాకున్నదల్లా కోపం. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఫ్యాక్టరీలో ఎవరినైనా కొట్టేస్తానేమోనని నీకు రాస్తున్నాను.

ఇక్కడ చలి ముదిరింది. పొద్దున్నే రైలు కోసం నిలబడితే బండరాళ్ళ మీదుగా వచ్చే గాలి చెవులు కోస్తుంది. ఇంటివాళ్ళావిడ మంచిది. నేను వండుకోని రోజున జొన్నరొట్టె పంపుతుంది. మొదట్లో గొంతు దిగేది కాదు, ఇప్పుడు అడిగి మరీ తింటున్నాను. మాట్లాడే తోడు మాత్రం లేదు. ఎవరైనా "మీ ఆంధ్రోళ్ళు" అని మొదలుపెడితే లేచి వెళ్ళిపోతాను. ఆదివారం మైదానంలో బంతి పట్టుకున్నప్పుడే ఈ ఊరు నాదనిపించేది. అదీ చెడగొట్టారు.

మా ఫ్యాక్టరీ క్రికెట్ జట్టులో బౌలింగు చేస్తున్నానని రాశాను కదా. జట్టుకు సెక్రటరీ మా ఆఫీసరే. మ్యాచ్ ఓడితే, ఆఖరి ఓవర్ వేసినవాడి పేరున ఆ ఓటమి రాయాలని ఆయనొక రూలు పెట్టాడు. ఈమధ్య జట్టు మీటింగులో అందరి ముందూ లేచి, "మిగతా బౌలర్లతో పోల్చి చూడండి. యాదగిరి ఓటములెన్ని, రత్నం ఓటములెన్ని! మనల్ని ముంచుతున్నదెవరో తెలుస్తుంది" అన్నాడు. వెనక బెంచీల్లో నవ్వులు. ఒళ్ళు మండిపోయింది అక్కయ్యా.

"యాదగిరి ఏ జట్ల మీద వేశాడో, నేను ఏ జట్ల మీద వేశానో అది కూడా చెప్పండి సార్" అన్నాను.

"రికార్డు రికార్డే" అన్నాడాయన.

కాలేజీ కుర్రాళ్ళు వస్తే ఆఖరి ఓవర్ యాదగిరికి. సికింద్రాబాదు పెద్ద జట్టు వచ్చి, గెలవడానికి వాళ్ళకు నాలుగు పరుగులే మిగిలినప్పుడు బంతి నాకు. గెలిచిన రోజున ఎవరి పేరూ రాయరు. యాదగిరి తెల్లాపూర్ మనిషి, నా పక్క మిషను మీదే పనిచేస్తాడు. వాడికి ఇదంతా తెలుసు. తెలిసీ మీటింగులో తల దించుకుని కూర్చున్నాడు. వాడితో మాట మానేశాను.

మొన్న ఆదివారం మళ్ళీ ఆ సికింద్రాబాదు జట్టే వచ్చింది. రత్నానికి ఆఖరి ఓవర్ ఇవ్వొద్దని సెక్రటరీ ముందే చెప్పాడు. గెలుపు మా చేతిలోనే ఉంది. చివర్లో యాదగిరి బౌలింగును చితక్కొట్టారు. కెప్టెన్ హడలిపోయి, ఆఖరి ఓవర్‌కి బంతి నాకే విసిరాడు. ఏడుపొచ్చేంత కోపంతో వేశాను. ఒకడి వికెట్ ఎగరగొట్టాను. తర్వాతివాడు చేతుల్లోకి క్యాచ్ ఇస్తే సెక్రటరీ బామ్మర్ది జారవిడిచాడు. ఆఖరి బంతి బ్యాటు అంచుకు తగిలి బౌండరీకి పోయింది. ఓడిపోయాం.

"రత్నం! ఇంకోటి నీ పేరున!" అని సెక్రటరీ కుర్చీలోంచే అరిచాడు.

నేను నోరు తెరిచేలోపే యాదగిరి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు.

"గిది నా పేర్న రాయుండ్రి సార్. పరుగులిచ్చింది నేను. అన్న జేసిన తప్పేంది?"

"రూలు ప్రకారం..."

"గా రూలే తప్పు సార్. గట్టి టీమొస్తే బాల్ అన్నకిస్తిరి, పోరగాళ్ళొస్తే నాకిస్తిరి. మీటింగుల భయపడి చెప్పలే. ఇయ్యాల చెప్తున్న. రాయకుంటే నన్ను టీంలకెల్లి తీసేయుండ్రి."

మర్నాడు ఇద్దరినీ తీసేసినట్టు నోటీసు బోర్డు మీద అంటించారు. నాకైతే ఆ బోర్డు పీకి పారేయాలనిపించింది. యాదగిరే నా రెక్క పట్టుకుని స్టేషను దాకా లాక్కొచ్చాడు.

"పరేషాన్ గాకన్నా. ఖాజాగూడల రాళ్ళ పక్కపొంటి జాగ ఉన్నది. మనమే టీం జేద్దాం. ఆఖరి ఓవర్‌కు చీటీలేద్దాం తీ."

"చీటీలొద్దు. గట్టి జట్టు వస్తే ఆ ఓవర్ నాకే ఇవ్వు" అన్నాను.

బావగారి పాత తెల్ల ప్యాంటు ఏదైనా ఉంటే ఇటు వచ్చేవాళ్ళ చేత పంపు. నాది మోకాలి దగ్గర చిరిగింది. ఆయనకు నా నమస్కారాలు. మీ అత్తగారికి నా తరఫున దణ్ణం పెట్టు. నా గురించి బెంగపడకు. కోపం తగ్గాలని మాత్రం దీవించకు. బంతి వికెట్ల మీదికే పోవాలని దీవించు.

నీ తమ్ముడు,
రత్నం